ఏ మెట్టు దగ్గర ఆగిపోయినావు?

(తిరుపతిలో బి.ఇడి. విద్యార్థుల ముందు ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఇప్పుడు వినబడుతోందా? సరే.

నేను మాట్లాడడం మొదలుపెట్టి రెండు నిమిషాలైంది. ఇంతసేపూ మైకు పనిచెయ్యలేదట. ఈ అబ్బాయి వచ్చి వైరు సరిచేసినాక గానీ నాకు తెలియలేదు. వెనక వరుసల్లో ముప్పై, నలభై మంది ఉండారు. ఒక్కరూ చెయ్యెత్తి "మేడమ్, వినబడలేదు" అనలేదు. పైగా నేను అటు చూసినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు తలలు కూడా ఊపినారు. మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు నాయనా. నేను మాట్లాడదామని వచ్చిన విషయమే ఇది. మీ వయసులో ఆ వెనక వరుసలో ఉంటే నేనూ తలే ఊపి ఉందును.

ముప్పై రెండేళ్ళు చిత్తూరు జిల్లా ప్రభుత్వ బడుల్లో లెక్కలు చెప్పినాను. ఆ ముప్పై రెండేళ్ళలో నేను ఎక్కువసార్లు అన్న మాట ఏదని ఎవరైనా అడిగితే, పైథాగరస్ పేరు కాదు, "అర్థమైందా?" అనే మాట. దానికి జవాబు మీకు తెలుసు. అందరూ ఒకే రాగంలో "అయ్యింది మేడమ్" అంటారు. ఆ రాగం ఈ రాష్ట్రంలో ఏ ఊరి బడికి పోయినా ఒకటే. చాలా ఏళ్ళు నేను దాన్ని నిజమని నమ్మినాను. నమ్మడం నాకు సుఖంగా ఉండేది కాబట్టి నమ్మినాను. వాళ్ళు "అయ్యింది" అంటే నేను బోర్డు తుడుచుకోవచ్చు, తర్వాతి అభ్యాసానికి పోవచ్చు, మార్చిలోపల సిలబస్ ముగించుకోవచ్చు. పిల్లలకూ ఆ సంగతి తెలుసు. మేడమ్ పని చల్లగా సాగిపోవాలంటే ఏమి పలకాలో వాళ్ళు ఆరో తరగతికే నేర్చుకుంటారు.

నా నమ్మకాన్ని పోగొట్టింది ఒక పిల్ల. ఏడో తరగతి. 2008లో, కేంద్రం రైతుల రుణమాఫీ ప్రకటించిన ఏడాది. పలమనేరు వైపు ఒక పల్లె బడి. ఆ పిల్ల ఇంట్లో టమోటా పెట్టేవాళ్ళు. పూర్ణ సంఖ్యల పాఠం చెబుతా ఉండాను. ధన సంఖ్యలంటే ఆస్తి, రుణ సంఖ్యలంటే అప్పు అని చెప్పినాను, అందరూ చెప్పినట్టే. కూడికలు బాగా వచ్చినాయి. ఐదు రూపాయల అప్పుకి మూడు రూపాయల అప్పు కలిపితే ఎనిమిది రూపాయల అప్పు. ఆ ఊళ్ళో అది ఏ పిల్లకీ కొత్తగా చెప్పనక్కర లేదు. తర్వాత గుణకారం. రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య వస్తుందని బోర్డు మీద రాసి, అర్థమైందా అన్నాను. అయ్యింది మేడమ్ అన్నారు. ఈ పిల్ల మాత్రం లేచి నిలబడింది.

"అప్పూ అప్పూ చేరితే పెద్దప్పు అవతాది గదా మేడమ్. ఆస్తి ఎట్లవతాది?"

నేను ఏమన్నానో చెబుతాను. "అది రూలమ్మా. రాసుకో" అన్నాను. కూర్చుంది. మళ్ళీ ఆ నెలంతా లేవలేదు.

ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. బి.ఎస్సీ.లో గణితం ఫస్టు క్లాసు. అప్పటికి పదహారేళ్ళు ఉద్యోగం. ఆ రూలు వాడి వేల లెక్కలు చేసినాను, చేయించినాను. ఎందుకట్లా అని నన్ను నేను ఒక్కసారి కూడా అడగలేదు. నాకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పిన అయ్యవారూ రూలనే చెప్పినారు. నేను రాసుకున్నాను, ఈ పిల్లని రాసుకోమన్నాను. అర్థం కానిది ఒక తరం నుంచి ఇంకో తరానికి చెయ్యి మారుతుంది. మధ్యలో ఎవరూ దాన్ని విప్పి చూడరు.

నెల తర్వాత ఒక రాత్రి ఇంట్లో తెల్లకాగితం ముందర పెట్టుకుని కూర్చున్నాను. అది చెబుతాను, మీరంతా రేపు చెప్పాల్సిన పాఠమే కాబట్టి. మూడు రెట్లు మైనస్ రెండు అంటే మైనస్ ఆరు. రెండు రెట్లు అయితే మైనస్ నాలుగు. ఒక రెట్టు మైనస్ రెండు. సున్నా రెట్లు సున్నా. ఎడమ పక్క ఒక్కొక్కటి తగ్గే కొద్దీ జవాబు రెండేసి పెరుగుతా వస్తోంది, చూడండి. మైనస్ ఆరు, మైనస్ నాలుగు, మైనస్ రెండు, సున్నా. ఇంకొక మెట్టు దిగి మైనస్ ఒకటి దగ్గరకి పోతే జవాబు ఇంకో రెండు పెరగాలి. అంటే ప్లస్ రెండు. ఇది నిరూపణ కాదు, వరుసని చూపించడం మాత్రమే. అసలు కారణం విభాగ న్యాయంలో ఉంది, అంటే కూడికని ముక్కలుగా విడగొట్టి గుణించినా జవాబు మారదనే నియమంలో. ఒకటికి మైనస్ ఒకటి కలిపితే సున్నా గదా, ఆ సున్నాని మైనస్ రెండుతో గుణిస్తే సున్నానే రావాలి. విడగొట్టి గుణిస్తే మొదటి ముక్క మైనస్ రెండు. రెండో ముక్క ప్లస్ రెండు అయితేనే మొత్తం సున్నా అవుతుంది. వేరే ఏ జవాబు పెట్టినా లెక్కలన్నీ ఒకదానితో ఒకటి తగవుపడతాయి. ఆ రాత్రి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. దానితో పాటే ఆ పిల్ల ముఖం గుర్తొచ్చి సిగ్గూ అయింది.

మరునాడు క్లాసులో చెప్పినాను. "పోయిన నెల నువ్వు అడిగినదానికి నేను చెప్పింది జవాబు కాదమ్మా. అప్పటికి నాకూ తెలియదు. ఇప్పుడు చూద్దాం రా." బోర్డు మీద ఆ వరుస వేసినాను. ఆమె చూసింది. కానీ ఆమె ప్రశ్న అప్పు గురించి. సంఖ్యల వరుస ఆమెకి చాలలేదు. అప్పుడు అడిగినాను, నీకు రెండేసి రూపాయల అప్పులు మూడు ఉంటే, ఎవరైనా వచ్చి ఆ మూడూ తీసేస్తే నీ సంగతి ఏమైతుంది అని. తీసెయ్యడం ఒక మైనస్, అప్పు ఇంకో మైనస్. ఆమె కొంచెంసేపు ఊరికే ఉండి, "అంటే మాఫీనా మేడమ్?" అనింది.

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. నాకు తట్టలేదు. ఆ ఊళ్ళో ఆ ఏడాది ప్రతి అరుగు మీదా నలిగిన మాట అది. ఆ పిల్ల నెల ముందు అర్థం కాలేదని లేవకపోతే ఆ మాట ఈ లెక్కలోకి వచ్చేదే కాదు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా మాఫీ అనే ఆ పాఠం చెప్పినాను.

ఇక్కడ ఒక పక్కమాట. ధనం, ఋణం అనే మాటలతో ఈ నియమాలను చెప్పినవాడు బ్రహ్మగుప్తుడు, క్రీ.శ. 628లో. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనమని స్పష్టంగా చెప్పినాడు. సున్నాతో భాగించే దగ్గరికి వచ్చేసరికి ఆయన రెండు పనులు చేసినాడు. ఏదైనా సంఖ్యను సున్నాతో భాగిస్తే ఎంత అన్నచోట, విలువ చెప్పకుండా, దాన్ని సున్నా హారంగా ఉన్న భిన్నంగానే వదిలేసినాడు. సున్నాని సున్నాతో భాగిస్తే మాత్రం సున్నా అని తేల్చినాడు. వదిలేసిన చోట ఆయన మాటని కొట్టెయ్యాల్సిన పని ఎవరికీ పడలేదు. తేల్చి చెప్పిన చోటే తర్వాతివాళ్ళు కాదనాల్సి వచ్చింది. అంతటి మేధావి. ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఎప్పుడూ చాలా నేర్చుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు మన జిల్లాలోనే ఉన్న ఒక చోటికి తీసుకుపోతాను. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట వైపు మనలో కలిసింది. దానితో శ్రీహరికోట మనదైంది. 1979 ఆగస్టు 10న అక్కడినుంచి ఉపగ్రహాన్ని మోసుకుపోయే ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు మొదటి ప్రయోగం. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. ఈ కథ మీరు చాలాసార్లు విన్నారు, నాకు తెలుసు. రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయింది. అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ గారు పత్రికల ముందుకి తానే వచ్చి ఓటమిని తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న విజయం వచ్చినప్పుడు కలాంని ముందుకి పంపినారు. నాయకత్వం అంటే ఇట్లా ఉండాలని చెప్పుకుంటారు. మంచిదే.

నన్ను కట్టి పడేసేది ఆ కథలో అందరూ దాటిపోయే భాగం. ప్రయోగానికి కొద్ది నిమిషాల ముందు కంప్యూటర్ ఆపమంది. నియంత్రణ వ్యవస్థలో ఏదో తేడా ఉందని చూపించింది. పక్కనున్న నిపుణులు లెక్కలు చూసి, ఫర్వాలేదు, ఇంధనం సరిపోతుంది అన్నారు. కంప్యూటర్‌ని పక్కనపెట్టి ముందుకే పోయినారు. రెండో దశలో అదుపు తప్పింది. ఆ నిర్ణయం నాదే అని కలాం గారే తర్వాత ఎన్నో సభల్లో చెప్పినారు. ఆ గదిలో తెలివికి కొదవ లేదు. ఏళ్ళ తరబడి చేసిన పని ముందరుంది, గడియారం తిరుగుతా ఉంది. అటువంటి వేళ "ఆ తేడా ఎందుకు చూపిస్తోందో మాకు పూర్తిగా తెలియలేదు, తెలిసేదాకా ఆగుదాం" అనే వాక్యం నోట్లోంచి రావడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ వాక్యం మనుషులు అనలేకపోయినారు. యంత్రం అనింది.

నలభై ఏళ్ళ తర్వాత, అదే శ్రీహరికోట. 2019 జులై 15, తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకి చంద్రయాన్-2 పోవాలి. రాష్ట్రపతి గారు వచ్చి కూర్చున్నారు. దేశమంతా టీవీల ముందర మేలుకోనుంది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేసినారు. సాంకేతిక లోపం కనిపించింది, ఈరోజు పంపడం లేదు అన్నారు. అంతే. రాష్ట్రపతి ముందర, అంత మంది ముందర. సరిగ్గా వారానికి, జులై 22 మధ్యాహ్నం పంపినారు. ల్యాండర్ తర్వాత చంద్రుడి మీద సరిగా దిగలేకపోయింది, అది వేరే సంగతి. రాకెట్టు తన పని తాను చేసింది. 1980 విజయం మీద పాఠాలు ఉన్నాయి పిల్లల పుస్తకాల్లో. ఆ 56 నిమిషాల 24 సెకన్ల మీద ఒక పాఠం ఉండాలని నా కోరిక.

ఇంతవరకూ చెప్పినవి బడి సంగతి, రాకెట్టు సంగతి. ఇంకొకటి ఇంటి సంగతి. ఇది చెప్పాలా వద్దా అని పొద్దుట్నుంచి అనుకుంటా ఉండాను.

మా అమ్మకి కీళ్ళవాతం. వేళ్ళు వాచిపోయి చాప కూడా చుట్టలేకపోయేది. పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయినాను. డాక్టరు గారు బాగానే చూసినారు. రెండు రకాల చిన్న మాత్రలు రాసినారు, ఒకటి మెథోట్రెక్సేట్, ఒకటి ఫోలిక్ యాసిడ్. "ఇది వారానికి ఒకరోజు, ఇది మిగతా రోజులు, అర్థమైందా?" అన్నారు. అమ్మ తల ఊపింది. పక్కన నేను, లెక్కల టీచర్ని, నేనూ తల ఊపినాను. మందుల షాపులో చేతికిచ్చినప్పుడు చూస్తే రెండూ పసుపు రంగు, రెండూ చిన్నవే. ఏది ఏదని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. వెనక క్యూ ఉంది. చీటీ మీద రాసింది ఇంటికి పోయి చూసుకుందాం లే అనుకున్నాను. ఇంటికి పోయినాక మాత్రలు అమ్మే చూసుకునింది.

రోజూ వేసుకోవాల్సిన ఫోలిక్ యాసిడ్ వారానికి ఒకసారి, వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ రోజూ వేసుకునింది. ఆ మందు కొత్త కణాలు పుట్టడాన్ని అడ్డుకుంటుంది. అందుకే కణాలు త్వరత్వరగా పుట్టే చోట్లు, నోటిలోపలి పొర, ఎముకల్లో మూలుగ, ముందు దెబ్బ తింటాయి. తొమ్మిదో రోజుకి అమ్మ నోరంతా పుండ్లు. నీళ్ళు కూడా మింగలేకపోయింది. రక్త పరీక్షలో తెల్ల కణాలు పడిపోయి ఉండాయి. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. మంచం మీద పడుకుని నాతో అన్న మాట ఇది: "నాకు అప్పుడే తెలియలేదు పాపా. అంతమంది బయట కాచుకోనుండారు, మళ్ళా అడిగితే ఏమనుకుంటారో అని ఊరికే ఉండిపోయినా." నాకూ అప్పుడే తెలియలేదమ్మా అని ఆమెతో చెప్పడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది.

ఆ తర్వాత వేరే ఆసుపత్రిలో ఒక నర్సమ్మని చూసినాను. చిన్న పిల్ల, మీ వయసే. అర్థమైందా అని అడగలేదు. మందులు అమ్మ చేతిలో పెట్టి, "అవ్వా, ఇంటికి పోయినాక వీటిని ఎట్లా వేసుకుంటావో నాకు చెప్పు, నేను సరిగా చెప్పినానో లేదో చూసుకోవాల" అనింది. అమ్మ చెప్పింది, ఒకటి తప్పింది. ఆ పిల్ల సరిచేసింది. ఒక్క నిమిషం పట్టింది. "నేను సరిగా చెప్పినానో లేదో" అనే ఆ మాట గమనించండి. తప్పు ఉంటే అది తన చెప్పడంలో ఉందన్నట్టు మాట కట్టింది. అమ్మకి సిగ్గుపడాల్సిన పని లేకుండా పోయింది. ముప్పై రెండేళ్ళలో నేను పిల్లలతో అనాల్సిన వాక్యం అదే. నాకు చివర్లో దొరికింది.

మీరు మొన్నే నోట్సులో రాసుకుని ఉంటారు, పిల్లల్ని ప్రశ్నలు అడగమని ప్రోత్సహించాలి అని. ఊరికే ప్రోత్సహిస్తే రాదు. అర్థం కాలేదని చెప్పడం ధైర్యం ఒక్కటే కాదు, ఒక పని కూడా. నేర్పాల్సిన పని. "ఏమీ అర్థం కాలేదు మేడమ్" అనే పిల్లవాడికి నేను ఏమి సాయం చెయ్యగలను? ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? తిరుమలకి నడిచిపోయేవాళ్ళని ఫోన్లో యాడున్నావు అని అడిగితే, దారిలో ఉండాను అని ఊరుకోరు. గాలిగోపురం దాటినాను అంటారు, మోకాళ్ళ మిట్ట దగ్గర కూర్చోనుండాను అంటారు. అప్పుడు పైన ఉన్నవాళ్ళకి తెలుస్తుంది, నీళ్ళు పంపాలా, ఇంకో గంట కాచుకోవాలా అని. పిల్లవాడు కూడా "మూడో మెట్టు దాకా వచ్చినాను, నాలుగో మెట్టులో ఆ రెండు ఎట్లా వచ్చిందో తెలియలేదు" అని చెప్పగలగాలి. అట్లా చెప్పిన పిల్లవాడు ముక్కాలు వంతు దాటేసినట్టే. చాలాసార్లు ఆ వాక్యం ముగించేలోపే వాడికే తెలిసిపోతుంది. కళ్ళు పెద్దవి చేసి "ఓ!" అని కూర్చుంటాడు. నేను ఎన్నిసార్లు చూసినానో.

ఇప్పుడు ఇంగ్లీషు మీడియం వచ్చినాక ఇది ఇంకా అవసరం. ఒక పిల్లవాడు త్రిభుజం లెక్క రాక ఏడుస్తా ఉంటే పిలిచి కూర్చోబెట్టుకున్నాను. లెక్క వాడికి వచ్చు. "రెస్పెక్టివ్‌లీ" అనే ఒక్క మాట దగ్గర ఆగిపోయినాడు. వరుసగా అని చెప్పినాను, అంతే, గబగబా చేసేసినాడు. వాడు మూడు వారాలు తనకి లెక్కలు రావని అనుకున్నాడు. నయం, ఇప్పుడు ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంది. వేలు పెట్టి చూపించమనండి. అడ్డం పడింది మాటా, లెక్కా అని ముందు వాడికి తెలియాలి.

కొండ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పి ముగిస్తాను. మీరు ఘాట్ రోడ్డులో బస్సులో పోతా ఉంటే నిటారుగా చీలిన రాతి గోడలు కనిపిస్తాయి. కింద ఉండేది గ్రానైటు, చాలా చాలా పాతది. దాని మీద నేరుగా కూర్చున్నది క్వార్ట్జైటు, ఒకప్పుడు నీళ్ళ అడుగున పేరుకున్న ఇసుక. రెండింటి మధ్యా కోట్లాది సంవత్సరాలు లేవు. ఆ కాలంలో ఇక్కడ ఏమి జరిగిందో చెప్పే రాయి ఇక్కడ మిగల్లేదు. భూమి పుస్తకంలో ఆ కాలం పేజీలు చినిగిపోయినాయి. భూవిజ్ఞాన సర్వేక్షణ వాళ్ళు ఆ చోటుని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించినారు. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. మనకి తెలియకుండా పోయిన చోటునే పేరు పెట్టి, గుర్తు పెట్టి, వచ్చి చూడండి అన్నారు. మీరు ఈసారి పోయినప్పుడు కిటికీ పక్కన కూర్చోండి.

ఇప్పుడు చీటీలు పంచుతారు. పేరు రాయొద్దు. ఈ గంటలో నేను చెప్పినదాంట్లో మీరు ఏ మెట్టు దగ్గర ఆగిపోయినారో ఒక్క వాక్యం రాయండి. బాగుంది మేడమ్ అని మాత్రం రాయొద్దు. రాయండి, నేను ఇక్కడే కాచుకోనుంటాను.

(చీటీలు రాసి ఇవ్వడానికి పది నిమిషాలు.)

సరే, మొదటిది తీస్తాను. "మేడమ్, రెండేసి రూపాయల అప్పులు మూడు మాఫీ అయితే అప్పు పోతుంది, నిజమే. కానీ చేతికి ఆరు రూపాయలు రావు గదా. మరి ప్లస్ ఆరు అని ఎందుకు రాస్తాం? సున్నా అని రాయాలి గదా?"

ఎవరు రాసినారో గానీ, నేను పదహారేళ్ళు ఆ మాఫీ పాఠం చెప్పినాను. ఈ మెట్టు దాటేసే పోయినాను ప్రతిసారీ. చేతిలో ఉన్న డబ్బు ఒకటి, ఉన్న స్థితిలో వచ్చిన మార్పు ఒకటి. అవి రెండూ నేను విడదీసి ఎప్పుడూ చెప్పలేదు. ఆ సుద్దముక్క ఇటివ్వమ్మా. బోర్డు మీద ఒక గీత గీద్దాం, సున్నా మధ్యలో పెట్టి.